మావాళ్ళు చాలా సైలెంట్, సాబ్!

ఆ రోజుల్లో దేవుణ్ణి చూడాలంటే మేము రైలు కోసం ఎదురుచూడాల్సి వచ్చేది. ఊళ్ళో గుళ్ళు లేక కాదు. జంషెడ్‌పూర్‌లో మావాళ్ళు కట్టుకున్న గుళ్ళు మావాళ్ళకున్నాయి, శనివారం భజనలున్నాయి, శ్రీరామనవమికి పందిళ్ళున్నాయి. కానీ నడిచే దేవుడు, మాట్లాడే దేవుడు, భక్తుడు ఏడిస్తే తానూ కళ్ళు తుడుచుకునే దేవుడు సినిమాల్లో మాత్రమే ఉండేవాడు. అదీ తెలుగు సినిమాల్లో, ఆ డబ్బాలేమో ఆంధ్రా నుంచి రైల్లో రావాలి. హిందీ సినిమాల్లో దేవుళ్ళు లేరని కాదు గానీ, మా అమ్మ దృష్టిలో వాళ్ళు పొరుగింటి దేవుళ్ళు. ఎదురుపడితే దణ్ణం పెడతాం, ఇంటి కష్టం మాత్రం చెప్పుకోం. ఇప్పుడు పత్రికల్లో 'మనసును కదిలించే చిత్రం' అని రాస్తుంటారు. అమ్మ తరానికి అంత పెద్ద మాటలు తెలియవు. వాళ్ళకొకటే కొలత ఉండేది. హాల్లోంచి వచ్చేటప్పటికి చెంగు తడిసి ఉండాలి. చెంగు పొడిగా ఉంటే ఆ సినిమా ఎంత గొప్పదైనా టిక్కెట్టు దండగే.

అప్పటికి నాకు ఇరవై దాటింది. టైపు, షార్ట్‌హ్యాండు పాసై బిష్టుపూర్‌లో ఒక ఆఫీసులో కొత్తగా చేరాను. ఉద్యోగం చిన్నదే గానీ దాంతోపాటు వచ్చిన గీర చిన్నది కాదు. ముఖ్యంగా నా హిందీ చూసుకుని నాకు మహా గర్వం. కలలు కూడా హిందీలోనే వస్తున్నాయని ఇంట్లో చెప్పుకు తిరిగేదాన్ని (నిజానికి కలలోనూ అమ్మ తిట్లు తెలుగులోనే వచ్చేవి). బారిడీహ్‌లో మా వీధి వీధంతా శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఇనుము పనికి వచ్చి స్థిరపడిన కుటుంబాలే. ఆఫీసులో పని ఉన్నా, ఆసుపత్రిలో పని ఉన్నా, 'గుంట సదువుకుంది, గుంటని తీసుకెళ్ళు' అని నన్ను పంపేవారు. నేనేదో రాయబారానికి వెళ్తున్నట్టు చీర కుచ్చెళ్ళు సర్దుకుని బయల్దేరేదాన్ని.

మా నాన్న ఒక ఫోర్జింగ్ షాపులో సుత్తి దగ్గర పనిచేసేవాడు. సుత్తి అంటే చేత్తో పట్టుకునేది కాదు. ఇంటంత యంత్రం. ఎర్రగా కాలిన ఇనుము మీద అది దిగితే పక్కనున్నవాడి పళ్ళు కూడా కదిలేవట. నాన్న తన చెవుల్లో ముప్పాతిక వంతు ఆ సుత్తికే సమర్పించేశాడు. మా వీధి మగవాళ్ళలో చాలామంది పరిస్థితి అంతే. వాళ్ళకి వినపడదు గనక ఎదుటివాళ్ళకీ వినపడదనుకుని అందరూ అరిచే మాట్లాడేవారు. 'ఇది ఎవరికీ సెప్పకు' అని నాన్న ఎవరి చెవిలోనైనా అంటే, నాలుగిళ్ళ అవతలివాళ్ళు కూడా ఎవరికీ చెప్పకుండా జాగ్రత్తపడేవారు. అయితే చెవులు పోయినచోట ఇంకో విద్య వచ్చింది. షాపు మోతలో గొంతు పనిచేయదు కాబట్టి ఒకరి పెదవులు చూసి ఒకరు మాట అందుకునేవారు, మిగిలింది చేతి సైగలతో నడిపేవారు. నాన్న ఎదురుగా నిలబడి ఊరికే పెదాలు ఆడిస్తే చాలు, జవాబు వచ్చేది. అందుకే అమ్మ, నాన్న మీద గొణుక్కోవాలంటే మొహం గోడవైపు తిప్పుకునేది. మా పక్కింట్లో ఉండే సైగల మావయ్య పనే సైగలు. కింద నిలబడి పైనున్న క్రేను డ్రైవరుకి చేతులతో దారి చూపించేవాడు. పెళ్ళి భోజనాల్లో పప్పు వడ్డించేవాణ్ణి ఆపాలన్నా అదే సైగ, పిడికిలి బిగించి పైకెత్తడం. వాడు భయపడి గరిటె వదిలేసేవాడు.

ఇలాంటి మావాళ్ళకి ఒక కోరిక పుట్టింది. అమ్మ నడిపించే ఆడవాళ్ళ భజన బృందంలో మొదలై వీధంతా పాకింది. విజయనగరంలో మా మేనమామ సినిమా డబ్బాలు ఊరూరా తిప్పే ఉద్యోగం చేసేవాడు. ఒకసారి చూడ్డానికి వచ్చినప్పుడు, ఫలానా భక్తి సినిమా ప్రింటు ఖాళీగా ఉంది, మీ ఊళ్ళో హాలు దొరికితే నేనే తెచ్చి ఆడిస్తాను అన్నాడు. (ఆ సినిమా పేరు చెప్పను. చెబితే మీలో పెద్దవాళ్ళు సగంమంది ఇక్కడే పాట అందుకుంటారు.) కొండమీది స్వామికి భక్తుడైన ఒక పల్లకీ బోయీ కథ అది. జమీందారుని మోసుకుంటూ రోజూ కొండెక్కుతాడు గానీ గుళ్ళోకి మాత్రం వాణ్ణి రానివ్వరు. అమ్మా నాన్నా పెళ్ళైన కొత్తలో చూసిన సినిమా. ఆ పాటలు మైకుసెట్ల పుణ్యమా అని మావాళ్ళందరికీ నోటికి వచ్చు. ఆ మాట వినగానే అమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సినిమా ఇంకా రాకముందే చెంగు తడిసిపోయింది.

"ఒక్క ఆదివారం పొద్దున్న ఆట సాలే గుంటా. అది బాగా నడిత్తే నెలనెలా ఒకటి ఆడిత్తారంట. నెలకోపాలి మన మాట, మన పాట ఇనుకోవచ్చు. నువ్వెల్లి ఆ మేనేజరు బాబుని అడుగు. నీకు ఇందీ వచ్చు కదేటి!"

సరే, వెళ్ళాను. ఆ హాలు మేనేజర్‌కి మేం పెట్టుకున్న పేరు రూల్సు సాబ్. మీసం దగ్గర్నుంచి మేజా మీది పెన్సిళ్ళ దాకా అన్నీ తిన్నగా ఉండేవి. 'భక్తి సినిమా' అన్న మాట వినగానే ఆయన మొహం మాడిపోయింది. కారణం తర్వాత తెలిసింది. అంతకుముందెప్పుడో ఒక హిందీ భక్తి సినిమాకి ఎవరో భక్తుడు ఆవేశం పట్టలేక తెర ముందున్న గట్టుమీద కొబ్బరికాయ కొట్టాడట. చిప్ప ఎగిరి తెర చిరిగింది. అతుకు వేయించారు గానీ, ఆనాటి నుంచి ఏ హీరో ఎడమవైపు మూలకి వచ్చినా చెంప మీద గాటు కనబడేది. అంచేత రూల్సు సాబ్ ఒక్కో వేలూ ముడుస్తూ షరతులు చెప్పాడు. కొబ్బరికాయ తేకూడదు. కర్పూరం వెలిగించకూడదు. తెరమీదికి పూలూ చిల్లరా విసరకూడదు. అన్నిటికంటే ముఖ్యం, హల్లా చేయకూడదు. హాలు యజమాని సేఠ్‌జీ స్వయంగా బాల్కనీలో కూర్చుని చూస్తారట. వయసు మళ్ళినాయన, గోల పడదు. ఆయనకి నచ్చితే నెలనెలా ఆదివారం మాకే. నచ్చకపోతే మొదటి ఆటే ఆఖరాట, "పహలా షో, ఆఖ్రీ షో!" అని బల్ల మీద చరిచాడు.

అప్పుడు నా నోటివెంట ఆ మాట వచ్చింది. ఎందుకు వచ్చిందో ఇప్పటికీ తెలియదు. హిందీ మంచి ఊపులో ఉన్నట్టుంది. చక్కగా నవ్వి, తల కాస్త పక్కకి వంచి, "హమారే లోగ్ బహుత్ సైలెంట్ హైఁ, సాబ్!" అన్నాను. మావాళ్ళు చాలా సైలెంటట! సరిగ్గా అదే సమయానికి బయట రిక్షా దగ్గర నన్ను కాచుకుని ఉన్న నాన్న, రిక్షావాడితో వానల గురించి మాట్లాడుతున్న మాటలు మూసిన కిటికీలోంచి స్పష్టంగా వినబడుతున్నాయి. రూల్సు సాబ్ కిటికీవైపు చూశాడు. నేను మాత్రం చూడలేదు.

ఇంటికొచ్చి షరతులు చెబితే వీధిలో గగ్గోలు పుట్టింది. "టెంకాయ నేకుండా సామి అవుపడితే ఏటి సేత్తాం? సేతులూపుకుంటా సూత్తామా?" అంది అమ్మ. అవన్నీ సరేలే, అసలు సంగతి గోల చేయకుండా ఉండటం అన్నాను. ఆ శనివారం భజన అయ్యాక అందరినీ కూర్చోబెట్టి గుసగుసలాడటంలో శిక్షణ ఇచ్చాను. నవ్వకండి, నిజంగానే ఇచ్చాను. ఒక్కొక్కరూ పక్కవాళ్ళ చెవిలో 'సినిమా బాగుంది' అని మెల్లగా చెప్పాలి. ఆడవాళ్ళు పరవాలేదనిపించారు. మగవాళ్ళ వంతు వచ్చింది. నాన్న గుండెల నిండా గాలి పీల్చుకుని, సైగల మావయ్య ఎదురుగా నోటికి ఓ పక్క చేయి అడ్డం పెట్టుకుని చెప్పాడు. వీధి చివర కుక్క లేచి మొరిగింది. "బాగా మెల్లగా సెప్పాను కదే?" అని నాన్న నావైపు గర్వంగా చూశాడు. మావయ్య కూడా బొటనవేలు పైకెత్తి సర్టిఫికెట్ ఇచ్చాడు. ఆయనకేం, పెదాలు చూశాడు.

ఆదివారం రానే వచ్చింది. మేనమామ రేకు డబ్బాలతో టాటానగర్ స్టేషన్లో దిగి, వాటిని గుళ్ళో ఉత్సవ విగ్రహాన్ని తెచ్చినంత భక్తిగా రిక్షాలో తెచ్చాడు. అమ్మ బృందం వాటికి పసుపూ కుంకుమా పెట్టి మరీ ఆపరేటరుకి అప్పగించింది. బారిడీహ్ నుంచి మా వీధులన్నీ కదిలాయి. కద్మా నుంచి ఇంజనీర్ల కుటుంబాలు ఇస్త్రీ చీరల్లో దిగాయి. రైల్వే క్వార్టర్ల వాళ్ళు టిఫిన్ క్యారియర్లు పట్టుకొచ్చారు. గేటు దగ్గర నేను నిలబడి సంచులు తడుముతూ కొబ్బరికాయలు లాక్కోవడమే సరిపోయింది. అన్నీ మేనేజర్ గదిలో పోయించాను. కాసేపటికి రూల్సు సాబ్ ఆ కాయల గుట్ట పక్కన పూజారిలా తయారయ్యాడు. ఇంతలో ఆడా మగా అందరూ హాలు మెట్ల కిందే చెప్పులు విడిచి లోపలికి నడిచారు. దేవుడి ముందుకి చెప్పులతో ఎలా వెళ్తారు మరి! ఆ చెప్పుల సముద్రాన్ని చూసి ఆయన "ఏ క్యా హై?" అని గాభరా పడ్డాడు. "చెప్పుల గురించి మీరేమీ చెప్పలేదు సాబ్" అన్నాను వినయంగా.

సినిమా మొదలైంది. నేను వెనక వరసలో కూర్చున్నాను. ఏదైనా అయితే పరిగెత్తడానికి వీలుగా ఉంటుందని. మొదటి సగం పెద్ద ప్రమాదం లేకుండానే గడిచింది. ప్రమాదం లేదంటే, ఎవరూ ఏమీ వెలిగించలేదు, ఏమీ విసరలేదు. ఇక హల్లా విషయానికొస్తే, నాన్న తన మామూలు పద్ధతిలో గుసగుసలాడుతూనే ఉన్నాడు. "ఇప్పుడు సూడు, ఆ పంతులు ఈణ్ణి ఎల్లగొడతాడు!" అని ఆయన అమ్మకి రహస్యంగా చెబితే పై వరసల్లో చిన్నపిల్లలు ముందే ఏడుపు మొదలెట్టారు. రూల్సు సాబ్ చీకట్లో టార్చిలైటు వేసి నాన్న మొహం మీద పెట్టాడు. నాన్న దాన్ని మర్యాద అనుకుని, లేచి నమస్కారం పెట్టి కూర్చున్నాడు. విరామంలో రూల్సు సాబ్ నా దగ్గరికొచ్చి ఒక్క మాటే అడిగాడు. "సైలెంట్?" నేను "ఇదే మా సైలెంటు, సాబ్" అన్నాను. ఆయన పైకి, బాల్కనీవైపు చూశాడు. సేఠ్‌జీ చేతికర్ర మీద గడ్డం ఆనించుకుని కదలకుండా కూర్చున్నారు. నచ్చిందో లేదో ఆ మొహంలో ఏమీ తెలియలేదు. ఆ మొహం మీదే మా ఆదివారాలన్నీ ఆధారపడి ఉన్నాయని గుర్తొచ్చి, చేతిలో సమోసా పక్క సీటు పిల్లాడికి ఇచ్చేశాను.

విరామం తర్వాత కథ కొండెక్కింది. ఉత్సవం రోజు. జమీందారు పల్లకీ ఎక్కి కూర్చున్నాడు. నలుగురు బోయీల్లో ఒకడు జ్వరంతో పడిపోయాడు. ముగ్గురితో పల్లకీ లేవదు. ముహూర్తం దాటితే తల తీయిస్తానంటున్నాడు జమీందారు. మా బోయీ కొండవైపు తిరిగి చేతులు జోడించాడు, నోరు తెరిచాడు. అంతే. సౌండు పోయింది. బొమ్మ నడుస్తోంది. భక్తుడి నోరు ఆడుతోంది. మాట లేదు, పాట లేదు.

ఇంకే హాలులోనైనా సౌండు పోతే ఏం జరుగుతుందో మీకు తెలుసు. ఈలలు, బూతులు, కుర్చీలు విరగడం. చెప్పులు చేతికందవు కాబట్టి అదొక్కటే ధైర్యం. మెట్లు రెండేసి చొప్పున ఎక్కి ఆపరేటర్ గదిలోకి దూరాను. అక్కడ కాలిన వాసన. యాంప్లిఫయర్లో వాల్వు పోయిందనీ, కొత్తది తేవాలంటే ఇంకో హాలుకి మనిషిని పంపాలనీ ఆపరేటర్ చెబుతున్నాడు. రూల్సు సాబ్ గడియారం చూసుకుంటున్నాడు. మధ్యాహ్నం హిందీ ఆట టైముకి హాలు ఖాళీ చేసి తీరాలి, ఎదురుచూసే వీల్లేదు. బొమ్మ ఆపేయమన్నాడు.

"ఆపకండి సాబ్, ఒక్క రెండు నిమిషాలు!" అన్నాను. నా గొప్ప హిందీ అంతా ఆవిరైపోయింది. సగం తెలుగులోనే బతిమాలినట్టున్నాను. దేవుడు ఇంకా రానేలేదు. అమ్మ ఇన్నేళ్ళు ఎదురుచూసింది ఆ ఒక్క ఘట్టం కోసం. ఇప్పుడు ఆపేస్తే ఇవాళ్టి దేవుడే కాదు, వచ్చే నెలల దేవుళ్ళందరూ పోయినట్టే. ఆయన స్విచ్చి మీద చేయి వేశాడు. వేసి, ఆగిపోయాడు. చెవి ఒగ్గి విన్నాడు. నావైపు అయోమయంగా చూసి హిందీలో అడిగాడు. "ఆవాజ్ బంద్ హై. ఏ లోగ్ చుప్ క్యోఁ హైఁ?" సౌండు పోయింది కదా, మీవాళ్ళు ఎందుకు గోల చేయడం లేదు?

నాకప్పుడు వెలిగింది. మావాళ్ళలో సగంమందికి సౌండు పోయినట్టు తెలియనే తెలియదు!

ప్రొజెక్టరు పక్కనున్న చిన్న కిటికీలోంచి కిందికి తొంగిచూశాను. ఆడవాళ్ళు తలలు అటూ ఇటూ తిప్పుతూ మొగుళ్ళని మోచేత్తో పొడుస్తున్నారు. 'ఏటంతన్నాడండీ?' అన్న అమ్మ గొంతు వినబడింది. ఆ వెంటనే నాన్న గొంతు. తెరమీద జమీందారు పెదవులు చూస్తూ, అమ్మ కోసం, తన రహస్యపు గొంతుతో: "పల్లకీ ఎందుకాగిందిరా అంతన్నాడు!" ఆ వరస చివర్నుంచి సైగల మావయ్య అందుకున్నాడు. "నాలుగో బుజం నేదు దొరా అంతన్నాడు!" అటు రైల్వే క్వార్టర్ల వైపు నుంచి ఇంకొకాయన, "నీ సామినే పిలుసుకోరా అంతన్నాడు, దొంగ సచ్చినోడు!" (ఆ చివరి మాట సినిమాలో ఉందో లేదో నాకు అనుమానమే.) జీవితమంతా మోతలో పెదవులు చూసి బతికినవాళ్ళు కదా, ఒక్క మాట పోనివ్వలేదు. తెరమీద నోరు కదిలిన మరుక్షణం హాల్లో మాట పుట్టింది.

బోయీ పాట మొదలుపెట్టాడు. అమ్మ ఆగుతుందా! భజనలో ఎలా ఎత్తుకుంటుందో అలాగే ఎత్తుకుంది.

"మోసేది నేనా, మోయించేది నీవా, కొండమీది సామీ, ఈ బుజం ఎవరిదీ?"

బృందం అందుకుంది. కద్మా ఇస్త్రీ చీరలు అందుకున్నాయి. తాళాలు తేవద్దన్నానని టిఫిన్ క్యారియర్ గిన్నెలే తాళాలయ్యాయి. రూల్సు సాబ్ నుదురు పట్టుకున్నాడు. నేను మాత్రం ఆ కిటికీ వదల్లేదు.

అప్పుడు స్వామి వచ్చాడు. కిరీటాలు, శంఖచక్రాలు ఏమీ లేవు. తలకి పాగా, భుజాన గుడ్డ, ఎవడో దారినపోయే కూలీలాగా వచ్చి, పల్లకీ బొంగుకి ఖాళీగా ఉన్న నాలుగో కొన కిందికి భుజం పెట్టాడు. హాల్లో ముందు వరసల్లో ఖలాసీలు కూర్చుని ఉన్నారు. షాపుల్లో పెద్ద పెద్ద బరువులు తాళ్ళతో లేపేవాళ్ళు. నలుగురు మనుషులు బరువు కింద భుజం పెట్టడం కళ్ళారా చూశాక వాళ్ళు ఊరుకోవడం ఎక్కడైనా ఉందా? ఒకడు లేచి నిలబడి, రోజూ పనిలో అరిచే అరుపే అరిచాడు.

"జోర్ లగాకే..."

"హైషా!" అంది హాలు.

పల్లకీ కొంచెం కదిలింది. ఒట్టు, ఆ కేక తర్వాతే కదిలింది.

"ఔర్ భీ థోడా..."

"హైషా!"

పల్లకీ లేచింది. మెట్టు తర్వాత మెట్టు, మలుపు తర్వాత మలుపు. ప్రతి అడుగుకీ హాలు మొత్తం 'హైషా' అంటోంది. ఆడవాళ్ళ పాట పైన, ఖలాసీల కేక కింద. అంతలో మా పక్కనుంచే, బాల్కనీలోంచి, ఒక సన్నటి ముసలి గొంతు "హైషా!" అంది. సేఠ్‌జీ లేచి నిలబడి ఉన్నారు. చేతికర్ర భుజానికెత్తుకున్నారు, పల్లకీ బొంగులాగా. అప్పటిదాకా ఆ సినిమాలో ఒక్క ముక్క కూడా ఆయనకి అర్థమై ఉండదు. ఆ కేకకి మాత్రం అనువాదం అక్కర్లేదు, ఈ ఊళ్ళో పుట్టిన ప్రతివాడికీ తెలిసిందే. నేను రూల్సు సాబ్ వైపు తిరిగాను. ఆయన చేయి స్విచ్చి మీంచి ఎప్పుడు జారిపోయిందో. మీసం కింద పెదవులు మెల్లగా కదిలాయి. గొంతు రాలేదు గానీ, నేను నాన్న కూతుర్ని, పెదవులు చదవడం నాకూ వచ్చు. ఆయన కూడా 'హైషా' అన్నాడు.

చివరి దృశ్యం గుళ్ళో. తలుపులు తెరిచిన పూజారి విగ్రహం చూసి బిత్తరపోతాడు. స్వామి భుజం మీద, బొంగు ఒరుసుకున్నచోట, ఎర్రగా కమిలిన వాపు. బయట మెట్ల మీద కూర్చున్న బోయీకి అక్కణ్ణించే ఆ భుజం కనిపిస్తుంది. అక్కడ మాట లేదు, పాట లేదు. హాలు కూడా ఒక్కసారిగా ఆగిపోయింది. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. గాజులు కూడా చప్పుడు కాలేదు. కింద నాన్న మెల్లగా తన కుడిభుజం తడుముకోవడం కనిపించింది. ఆ వరసలో అందరూ తడుముకుంటున్నారు. నేను రూల్సు సాబ్‌కి ఇచ్చిన మాట, మావాళ్ళు చాలా సైలెంట్ అన్న మాట, ఆ ఒక్క నిమిషం అక్షరాలా నిజమైంది. ఆ నిమిషంలో నేను వెక్కి వెక్కి ఏడ్చాను. దేవుడున్నాడా లేడా అని ఆఫీసులో టీ తాగుతూ పెద్ద పెద్ద వాదనలు చేసేదాన్ని, ఆపరేటర్ గదిలో కాలిన వాసన మధ్య కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఇంటికెళ్ళి పిండితే చెంబుడు నీళ్ళు వచ్చేవి.

సేఠ్‌జీ కిందికి దిగి వచ్చారు. రూల్సు సాబ్ ఆయన ముందు నిలబడి, షరతులన్నీ తప్పారనీ, ఇది తన పొరపాటేననీ చెప్పబోయాడు. సేఠ్‌జీ వినిపించుకోలేదు. "నారియల్ కహాఁ హై?" అని కొబ్బరికాయల కోసం అడిగారు. మేనేజర్ గదిలోంచి కాయలు బయటికి మోయించి, హాలు మెట్ల మీద మొదటి కాయ తన చేత్తోనే కొట్టారు. ఆ తర్వాత ఎన్ని కాయలు పగిలాయో దేవుడికే తెలియాలి. రూల్సు సాబ్ చెప్పుల మధ్య కొబ్బరినీళ్ళలో తడుస్తూ నిలబడ్డాడు. సేఠ్‌జీ వెళ్తూ వెళ్తూ నావైపు తిరిగి, ప్రతి నెలా మొదటి ఆదివారం మీదే అన్నారు. ఒకటే షరతు పెట్టారు. "లేకిన్ బేటీ, సౌండ్ బంద్ రఖ్‌నా!"

నెలనెలా సినిమాలు వచ్చాయి (సౌండుతోనే). మావాళ్ళు పద్ధతి మాత్రం మార్చుకోలేదు. కానీ నేను చెప్పదలుచుకున్నది ఆ రోజు ఇంటికెళ్ళేటప్పుడు జరిగింది. అమ్మా నాన్నా నేనూ ఒకే రిక్షాలో ఇరుక్కుని కూర్చున్నాం. నాన్న మొహం వెలిగిపోతోంది. దారినపోయే సైకిళ్ళవాళ్ళు కూడా తిరిగి చూసేంత సంతోషంగా అన్నాడు. "సానా ఏళ్ళయింది గుంటా, సినిమా నాకిలగ ఇనపడి. సివరికొచ్చేసరికి పాట పాటంతా ఇనపడిపోనాదనుకో! ఈ హాల్లో సౌండు సానా మంచిదే!"

నేను చెప్పబోయాను. అమ్మ నా చేయి నొక్కింది. మొహం రోడ్డువైపుకి తిప్పుకుని, ఆయనకి పెదవులు కనబడకుండా, "సెప్పకు" అంది.

ఇప్పటిదాకా చెప్పలేదు. నాన్న ఆ హాలు సౌండు గురించి బతికినన్నాళ్ళూ ఊరంతా చాటాడు. మా ఇంటికొచ్చిన చుట్టాలందరినీ ఆ సౌండు వినడానికే అక్కడికి పంపేవాడు.

మొన్నీమధ్య టీవీలో ఆ సినిమా వచ్చింది. నాకూ ఇప్పుడు చెవి కాస్త మందగించింది. మా అమ్మాయి 'మెల్లగా మాట్లాడమ్మా, పక్కింటివాళ్ళకి వినబడుతోంది' అని రోజుకోసారి అంటుంది. సౌండు పెంచుకుని, ఆ కొండెక్కే ఘట్టం కోసం కాచుకుని కూర్చున్నాను. ఎందుకంటే, ఆలోచిస్తే నేను ఆ ఘట్టం సౌండుతో ఎప్పుడూ వినలేదు. వచ్చింది. వీణ మోగింది, వేణువు ఊదారు. గాయకుడెవరో ఎంతో శ్రావ్యంగా, ఎంతో పద్ధతిగా పాడాడు. స్వామి వచ్చి భుజం పెట్టాడు. పల్లకీ దానంతట అదే తేలికగా లేచిపోయింది. నాకు ప్రాణం ఉసూరుమంది. ఇదేమిటి ఇంత చప్పగా ఉంది, మిగతాదంతా ఎవరు తీసేశారు అనిపించింది. రిమోటు తీసుకుని సౌండు పూర్తిగా ఆపేశాను. ఆ ఒంటరి గదిలో, మెల్లగానే అనుకున్నాను సుమా, "జోర్ లగాకే హైషా!" అన్నాను.

లోపలినుంచి మనవరాలు పరిగెత్తుకొచ్చింది. "క్యా హువా నానీ? గిర్ గయీ క్యా?"

"పడలేదే తల్లీ, పల్లకీ ఎత్తుతున్నాం" అన్నాను. "ఒక భుజం తక్కువైంది. రా, పట్టు."